దానాకు జడలు వేసిందెవరు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. రాయచోటి దగ్గర మా పల్లెలో మా పిన్నమ్మకు గాలి సోకిందని వేపమండలతో కొడుతుంటే, అడ్డుపడి ఆమెను ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది నేనే. ఆమెకు ఉన్నదల్లా ఒంట్లో రక్తం లేకపోవడం. మూడు నెలలు మందులు మింగి లేచి తిరిగింది. అప్పటి నుంచి ఎవరైనా అట్లాంటి కబుర్లు మొదలుపెడితే నేను చాప దులుపుకుని లేచిపోతాను.

కువైట్‌లో ఇళ్ళల్లో పనికి వచ్చి పదమూడేళ్ళయింది. మొదట పని చేసిన ఇంట్లో ముసలావిడ నా చేతుల్లోనే ప్రాణం వదిలింది. ఆమె మంచం పక్కన నేల మీదే ఆ తర్వాత కూడా ఏడాది పడుకున్నాను. ఏ రోజూ నాకు ఏదీ కనబడలేదు, వినబడలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పోయిన ఏడాది వేసవిలో జరిగినదాన్ని రాయడానికి కూర్చున్నది భయస్తురాలు కాదని మీకు తెలియాలి.

అప్పుడు నేను కువైట్‌లోనే ఎగైలా అనే పేటలో ఒక ఇంట్లో పని చేస్తున్నాను. ఇంటి యజమానురాలిని ఇక్కడ మేమందరం మామా అంటాం, ఆమె భర్తను బాబా అంటాం. మామా బడిలో టీచరు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది నూరాకు పదకొండేళ్ళు. చిన్నది దానాకు మూడున్నర. దానా పుట్టిన నెలకు నేను ఆ ఇంట్లో చేరాను. దానికి పాలు పట్టింది, నడక నేర్పింది అన్నీ నేనే. నా పేరు రెడ్డెమ్మ. దానికి నోరు తిరగక ‘రెడ్డీ’ అని పిలిచేది.

ఆ వేసవికి వాళ్ళు టర్కీలో సముద్రం ఒడ్డున ఉన్న సీదే అనే ఊరికి బయలుదేరారు. పిల్లను చూసుకోవడానికి నన్నూ తీసుకుపోయారు. మామూలుగా వాళ్ళు మంచివాళ్ళు. నా గదికి తాళం వేయడం, ఫోను లాక్కోవడం లాంటివి ఎప్పుడూ చేయలేదు. కానీ ఈసారి విమానాశ్రయంలో పాస్‌పోర్టుతో పాటు నా ఫోను కూడా బాబా తన సంచిలో వేసుకున్నాడు. అక్కడ ఎవరితోనూ మాట్లాడవద్దని, ఒంటరిగా ఎక్కడికీ పోవద్దని మామా రెండుసార్లు చెప్పింది. మూడున్నరేళ్ళుగా లేని అనుమానం ఇప్పుడెందుకా అనుకున్నాను. అడగలేదు.

సీదే చిన్న ఊరు. మూడు వైపులా సముద్రం. ఎక్కడ చూసినా రెండువేల ఏళ్ళ నాటి రాళ్ళు. కొట్ల మధ్య నుంచే పాత గోడలు పోతుంటాయి. నీళ్ళ అంచున ఏదో పాత గుడి తాలూకు తెల్లటి స్తంభాలు నాలుగైదు నిలబడి ఉంటాయి. పగలు జనం ఆ రాళ్ళ దగ్గర ఫోటోలు దిగుతారు. చీకటి పడితే అదే జనం రేవు పక్కన బార్లలో తెల్లవార్లూ ఆడతారు. మా హోటలు కిటికీ అద్దాలు ఆ పాటల మోతకు దడదడలాడేవి.

మొదటి రోజు అరబ్బీ వచ్చిన గైడు ఒకతను మమ్మల్ని తిప్పాడు. రాతి మెట్ల నాటకశాల పక్కన పెద్ద ఖాళీ స్థలం చూపించి, ఒకప్పుడు ఇది సంత అని, ఓడల్లో పట్టుకొచ్చిన మనుషుల్ని ఇక్కడే నిలబెట్టి అమ్మేవాళ్ళని చెప్పాడు. మామా “హరామ్” అని, ఎంత పాపమో అన్నట్టు తల తిప్పుకుంది. నేను దానాకు టోపీ సర్దుతున్నాను. ఆ మాట నా మనసులో పెద్దగా నిలవలేదు.

మూడో రోజు మధ్యాహ్నం మళ్ళీ అక్కడికే వెళ్ళాం. బాబా కాఫీ కొట్టులో ఆగిపోయాడు. మామా, నూరా కాస్త దూరంలో ఫోటోలు తీసుకుంటున్నారు. మసీదులో మధ్యాహ్నం నమాజు పిలుపు అప్పుడే అయిపోయింది. ఎండ మండిపోతోంది. దానా నీళ్ళు అడిగింది. సీసా తీయడానికి దాని చెయ్యి వదిలి సంచిలోకి వంగాను. అంతలో జెండా పట్టుకున్న ఒకామె వెనకాల తెల్లవాళ్ళ గుంపు ఒకటి మా మధ్యగా నడిచిపోయింది. ముప్పై నలభై మంది ఉంటారు. గుంపు దాటాక చూస్తే పిల్ల లేదు.

ఆ తర్వాత ఇరవై అయిదు నిమిషాలు నేను ఎట్లా ఉన్నానో చెప్పలేను. రాళ్ళ మీద పడుతూ లేస్తూ అరిచాను. మోకాలు చీరుకుపోయిందని కూడా తర్వాతే తెలిసింది. ఏ గోడ పక్కకు పోయినా చివరకు సముద్రమే కనిపించేది. పిల్ల నీళ్ళలో పడి ఉంటే నేనూ అందులోనే దిగిపోవాలని ఒక పక్క నిశ్చయించుకుంటూనే వెతికాను. మామా కేక విని జనం పోగయ్యారు. కాపలావాళ్ళు వచ్చారు. బాబా కాఫీ కొట్టులోంచి పరుగెత్తుకొచ్చాడు.

సంత స్థలం వెనక, సముద్రం వైపు, తాడు కట్టి మూసేసిన చోటు ఒకటుంది. సగం కూలిన గోడలు, ముళ్ళ పొదలు. అక్కడ నేను మొదటి అయిదు నిమిషాల్లోనే వెతికాను. తాడు కిందుగా దూరి గోడ వెనక కూడా చూశాను. ఎవరూ లేరు. ఇది నాకు ఖచ్చితంగా గుర్తుంది. ఎందుకంటే నా చున్నీ అక్కడి ముళ్ళకు చిక్కి చిరిగింది. రెండోసారి పోయినప్పుడు ఆ చిరిగిన ముక్క పొదకు వేలాడుతోంది. దాని పక్కనే, గోడ నీడలో, రాయి మీద దానా కూర్చుని కాళ్ళు ఊపుకుంటోంది.

నాలుగు అడుగుల అవతల నేలలో ఒక గొయ్యి ఉంది. పాత బావి లాంటిది. ఇనుప మూత పక్కకు జరిపి ఉంది. లోపలి నుంచి చల్లటి గాలి, తడి మట్టి వాసన వచ్చాయి. నేను పిల్లను ఎత్తుకుని వెనక్కి జరిగాను. ఎత్తుకున్నాకే దాని తల చూశాను.

పొద్దున నేను దానికి ఒకే పిలక వేసి ఎర్ర రబ్బరు బ్యాండు పెట్టాను. ఇప్పుడు రెండు జడలు ఉన్నాయి. మన దగ్గర బడికి పోయే ఆడపిల్లలకు వేసినట్టు గట్టిగా అల్లి, పైకి మడిచి, చెవుల దగ్గర ముడి వేసి ఉన్నాయి. దానా జుట్టు పొట్టిది, జారిపోయే జుట్టు. నాకే ఒక జడ వేయడానికి అరగంట పట్టేది. రిబ్బన్లకు బదులు రెండు గుడ్డ పీలికలు. లేత నీలం మీద తెల్ల చుక్కలు. తల నిండా కొబ్బరి నూనె వాసన. ఆ ప్రయాణానికి నేను కొబ్బరి నూనె తీసుకుపోలేదు.

పిల్ల ఏడవడం లేదు. అప్పుడే నీళ్ళు తాగినట్టు పెదవులు తడిగా ఉన్నాయి. జడలు ఎవరు వేశారని అడిగాను. గోడ వైపు వేలు చూపించి, “ఇంకో రెడ్డీ” అంది.

అక్కడ ఎవరూ లేరు.

హోటలుకు పోతుంటే వ్యానులో నూరా చెల్లెలి తల వైపు చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా, “నాకు సత్య ఇట్లాగే వేసేది” అంది. ఆ పేరు నేను వినడం అదే మొదలు. మామా దానాను ఒళ్ళోకి లాక్కుని జడలు విప్పడం మొదలుపెట్టింది. ముడులు ఊడిరాలేదు. చివరకు పళ్ళతో లాగింది. ఆ పీలికలు రెండూ మడిచి తన పర్సులో పెట్టుకుంది. బాబా బయటికి చూస్తూ కూర్చున్నాడు. పిల్ల దొరికిందన్న సంతోషం ఆ వ్యానులో ఎవరి ముఖంలోనూ లేదు. నన్ను ఎవరూ తిట్టలేదు కూడా. తిట్టి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

ఇంకా నాలుగు రోజులకు గదులు తీసుకుని ఉన్నా, ఆ సాయంత్రమే సీదే వదిలేశాం.

కువైట్ తిరిగి వచ్చాక దానాలో ఒక మార్పు చూశాను. దానికి తెలిసిన తెలుగంతా నా దగ్గర నేర్చుకున్నదే. ‘దా’, ‘తిను’, ‘పండుకో’ లాంటివి. అవునని చెప్పాలంటే ఇక్కడి పిల్లల్లాగా ‘ఈ’ అనేది. ఇప్పుడు ఏది అడిగినా “ఆయ్” అంటోంది. అన్నం తింటావా అంటే ఆయ్. నిద్రొస్తోందా అంటే ఆయ్. మొదట ఏదైనా నొప్పేమో అనుకున్నాను. ఒక మధ్యాహ్నం అది బొమ్మను సోఫా మీద కూర్చోబెడుతూ, “కూకో. అటెల్లకు, గొయ్యి” అంది.

అది మా సీమ మాట కాదు. మేము కూచో అంటాం. కూకో, ఆయ్ అనే మాటలు నేను విన్నది శుక్రవారం సెలవుల్లో మనవాళ్ళు ఎక్కువగా ఉండే అబ్బాసియా పేటకు పోయినప్పుడు, అక్కడి గోదావరి జిల్లాల ఆడవాళ్ళ నోట. దానాను నేను ఏనాడూ అబ్బాసియా తీసుకుపోలేదు. మా ఇంట్లో తెలుగు టీవీ లేదు.

వారానికి ఆ మాటలు వాటంతట అవే పోయాయి. నేను మాత్రం మళ్ళీ మామూలు కాలేకపోయాను.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం నేను వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. మామా వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆమె అట్లా కూర్చోవడం నేను చూడలేదు. ఆ రెండు పీలికలు బల్ల మీద పెట్టింది.

“ఇవి నువ్వు కట్టావా?”

“లేదు మామా.”

“నీ పిల్లల మీద ఒట్టు వెయ్యి.”

వేశాను. ఆమె కళ్ళు మూసుకుంది. చెప్పడం మొదలుపెట్టింది. చెబుతున్నంతసేపూ తలుపు వైపు చూస్తూనే ఉంది.

నాకంటే ముందు ఆ ఇంట్లో సత్యవతి అనే ఆమె ఉండేది. కోనసీమ మనిషి. నూరాను పెంచింది ఆమే. ఆరేళ్ళ కిందట వాళ్ళు ఇదే సీదేకు పోయారు, ఆమెనూ తీసుకుపోయారు. తిరుగు ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం, అయిదేళ్ళ నూరా ఆ రాళ్ళలో ఎక్కడో ఒక చెప్పు పారేసుకుని ఏడుస్తుంటే, పోయి తెమ్మని సత్యను మామా పంపింది. సత్య ఒక్కతే పోయింది. మళ్ళీ రాలేదు.

“రెండు గంటలు వెతికాం. చీకటి పడింది. పొద్దున్నే విమానం. ఇట్లాంటి ఊళ్ళలో పనివాళ్ళను యూరప్ దాటించే మనుషులు ఉంటారు, వాళ్ళతో పోయి ఉంటుందని బాబా అన్నాడు. పోలీసులకు అదే రాసిచ్చాడు. ఇక్కడికి వచ్చాక ఆమె ఉండడానికి ఇచ్చిన అనుమతి, ఆ ఇఖామా కాగితాల్లో కూడా పారిపోయిందనే రాయించాడు. నేనూ నమ్మాను. యూరప్‌లో ఎక్కడో హాయిగా ఉందని రోజూ నాకు నేను చెప్పుకున్నాను.”

పీలికల వైపు చూపించి, “ఈ బట్ట నేనే కొన్నాను. ఆమెకు మూడు జతలు కుట్టించాను. రెండు జతలు ఇంట్లో ఉంటే చెత్తలో వేశాను. మూడోది ఆ రోజు ఆమె ఒంటి మీద ఉంది” అంది.

మళ్ళీ ఆ ఊరికే ఎందుకు పోయారని అడగకుండా ఉండలేకపోయాను. “నేనే పోదామన్నాను. ఏదైనా కొట్లో పని చేస్తూ కనబడుతుందేమోనని. కనబడితే నాకు రాత్రిళ్ళు నిద్రన్నా పడుతుందని” అంది మామా.

అప్పుడు నేను గొయ్యి సంగతి చెప్పాను. ఆ రోజు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆమె లేచి అక్కడి గైడుకు ఫోను చేసింది. ఆ తాడు కట్టిన చోటుకు పోయి వీడియో తీసి పంపమంది.

మర్నాడు వచ్చిన వీడియో ఇద్దరం కలిసి చూశాం. అదే గోడ. దానా కూర్చున్న రాయి అదే. నా చున్నీ ముక్క ఎండకు వెలిసి ఇంకా పొదకే ఉంది. గొయ్యి ఉండాల్సిన చోట సిమెంటు పలక ఉంది. నాలుగు మూలలా తుప్పు పట్టిన బోల్టులు. పలక పగుళ్ళలో గడ్డి పెరిగి ఉంది. గైడు పలక మీద నిలబడి కాలితో తట్టి చూపించాడు. పాత నీళ్ళ తొట్టి అని, ఎవరైనా పడతారని మూసేసి అయిదారేళ్ళయిందని, అప్పటి నుంచి ఎవరూ తెరవలేదని చెప్పాడు.

నేను తెరిచి ఉన్న గొయ్యిని చూశాను. ఆ చల్లగాలి నా కాళ్ళకు తగిలింది. ఇంతకు మించి నేను చెప్పగలిగింది లేదు.

మామా ఫోను పక్కన పెట్టి, “ఎవరికీ చెప్పకు” అంది.

రెండు శుక్రవారాలు గదిలోనే కూర్చున్నాను. ఊర్లో నా ఇద్దరు పిల్లల చదువు నా పని మీదే నడుస్తోంది. నోరు విప్పితే ఆ పని పోతుందని తెలుసు. కానీ మామా ఒక మాట చెప్పి ఉంది. సత్యకు ఒక అక్క ఉందని, అబ్బాసియాలో టైలరు కొట్లో పని చేస్తుందని, మొదటి ఏడాదంతా ఫోన్లు చేసి చేసి తర్వాత మానేసిందని. మూడో శుక్రవారం బస్సెక్కి అబ్బాసియాలో దిగాను. నాలుగో టైలరు కొట్లో ఆమె దొరికింది. పేరు మంగ. మిషను ముందు కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది.

ఎగైలాలో ఫలానా ఇంట్లో పని చేస్తున్నానని చెప్పగానే ఆమె మిషను ఆపేసింది.

“దాని గురించైతే నాకేం చెప్పొద్దండి. ఎవడితోనో వెళ్ళిపోయింది. మా పరువు తీసేసింది. దాని మొగుడు వేరే పెళ్ళి చేసుకున్నాడు. మాకు అది లేదండి.”

“అట్ల కాదక్కా. నువ్వు కొంచేపు నా మాట ఇను. ఆమె యాడికీ పోలేదనిపిస్తాంది నాకు” అన్నాను.

జరిగింది జరిగినట్టు చెప్పాను. నాకే నమ్మకం లేని సంగతి ఇంకొకరికి చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆయ్, కూకో అన్న మాటల దగ్గరికి వచ్చేసరికి మంగ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సిమెంటు పలక సంగతి విన్నాక మిషను మీది చీర తీసి పక్కన పెట్టింది.

“దానికో కూతురుందండి. తేజ. అమలాపురంలో హాస్టల్లో ఉంది, ఏడో క్లాసు” అంది చివరకు. “తోటి పిల్లలు ఏదో అన్నారని పోయినేడు ఫోన్లో ఏడిస్తే, నేనే చెప్పానండి. మీ అమ్మ నిన్నొదిలేసి వెళ్ళిపోయింది, ఇంక దాని పేరెత్తకు అని. నా నోటితో నేనే చెప్పానండి.”

ఇద్దరం ఆ కొట్లో గుడ్డ ముక్కల మధ్య కూర్చుండిపోయాం. బయట యల్లా యల్లా అంటూ ఎవరో లారీలోంచి బియ్యం బస్తాలు దింపిస్తున్నారు.

అర్జీ పెట్టాలని మంగ అంది. ఆ పలక తెరిపించమని మన ప్రభుత్వం ద్వారా అక్కడి ప్రభుత్వాన్ని అడగాలి. కానీ కాగితాల్లో సత్య పారిపోయిన మనిషి. పారిపోయిన మనిషి కోసం పాత రాళ్ళను ఎవరు తవ్వుతారు? చనిపోయిన ఆమె వచ్చి పిల్లకు జడలు వేసిందని అర్జీలో రాయలేం. ఆమెను పంపిన మనిషి నోటి మాట కావాలి.

ఆ రాత్రి వంట పని అయ్యాక మామాకు చెప్పేశాను. సత్య అక్కను కలిశానని, మీరు ఒక్క కాగితం రాసిస్తే చాలని. ఆమె నా ముఖం కూడా చూడకుండా లోపలికి పోయింది. వారం రోజులు నాతో పని మాటలు తప్ప వేరే మాట లేదు. నా పెట్టె సర్దుకుని ఉంచుకున్నాను.

తర్వాతి శుక్రవారం బస్సులో చిల్లర కోసం సంచిలో చెయ్యి పెడితే మడిచిన కాగితం తగిలింది. అరబ్బీలో చేతిరాత, కింద సంతకం. నాకు అరబ్బీ చదవడం రాదు. మంగ కొట్టు పక్క ట్రావెల్స్ ఆఫీసులో అరబ్బీ వచ్చిన ఒకాయనతో చదివించాం. మామా రాసింది ఇది: నా కూతురి చెప్పు కోసం సత్యవతిని ఆ రాళ్ళలోకి నేనే పంపాను. ఆమె పారిపోయిందనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆమె సామాను, ఆమె కూతురి ఫోటో హోటలు గదిలోనే ఉండిపోయాయి. అంతే ఉంది.

ఫోటో సంగతి మామా నాకు కూడా అంతకు ముందు చెప్పలేదు. మంగ ఆ మాట రెండోసారి చదవమంది. మూడోసారి కూడా చదవమంది.

అర్జీ పెట్టిన నెలకు బాబాకు తెలిసిపోయింది. ఆయన అరవలేదు. నన్ను హాల్లోకి పిలిచి “ఖలాస్, రెడ్డెమ్మా” అన్నాడు. నన్ను ఇంటికి పంపించేస్తాడనుకున్నాను. మామా అడ్డం పడిందేమో, వేరే ఇంటికి ఇఖామా మార్చుకోవడానికి ఒప్పుకున్నాడు. నేను పెట్టె తీసుకుని బయటికి వచ్చిన రోజు దానా నర్సరీలో ఉంది. మామా మేడ మీద కిటికీ దగ్గర నిలబడి ఉంది. కిందికి రాలేదు. నేను కూడా ఆమెను పిలవలేదు.

ఇప్పుడు వేరే ఇంట్లో పని చేస్తున్నాను. అర్జీ ఇంకా తిరుగుతోంది. అక్కడ పాత కట్టడాలను కదిలించాలంటే కోర్టు ఒప్పుకోవాలట. ఆ పలక కింద ఎవరైనా ఉన్నారో లేదో తెలియదు. సత్య చనిపోయిందని కూడా నేను రూఢిగా అనలేను. బతికుంటే తన బిడ్డకు ఇన్నేళ్ళలో ఒక్క ఫోను చేయకుండా ఉంటుందా అని మంగ అడుగుతుంది. బతికి లేకపోతే జడలు అల్లిన చేతులు ఎవరివని నేను అడగాలి.

పోయిన నెల మంగ తన చెల్లెలి కూతురికి అంతా చెప్పేసింది. ఆ ఆదివారం హాస్టల్ నుంచి నాకు ఫోను వచ్చింది. గొంతు సన్నగా ఉంది. తేజనండీ అంది. దయ్యం గురించి అడుగుతుందని, ఏం చెప్పాలా అని నేను తడబడుతున్నాను. అది అడగలేదు.

“ఆ పాపకేం కాలేదు కదండీ?”

“ఏం కాలేదు నాయనా. బాగుంది.”

“ఎన్నేళ్ళండి తనకి?”

“అప్పుడు మూడున్నర.”

అటు వైపు ఆడపిల్లల మాటలు, గిన్నెల చప్పుడు వినిపిస్తున్నాయి.

“అమ్మ కువైట్ వెళ్ళేటప్పుడు నాకూ అంతేనండి” అంది.